రెండో స్థానం వచ్చినా పై లీగులో కనిపించని గురియా లాంచ్‌ఖుతి: ఏమైంది?

గోల్‌పోస్ట్_గోపి
యూరో 2024లో జార్జియా పోర్చుగల్‌ని 2-0తో కొట్టిన రాత్రి నుంచి నాకు ఆ దేశం పిచ్చి పట్టుకుంది. ఇప్పుడు పాత సోవియట్ లీగు పట్టికలు తిరగేస్తున్నా. ఒకచోట ఆగిపోయాను. 1989 ఫస్ట్ లీగు (పేరుకే ఫస్ట్, నిజానికి రెండో అంచె) చూడండి. మొదటి స్థానం సీఎస్‌కేఏ మాస్కో, రెండోది గురియా లాంచ్‌ఖుతి. ఇద్దరూ పైకి వెళ్ళాలి కదా. 1990 టాప్ లీగు తీస్తే సీఎస్‌కేఏ ఉంది, గురియా లేదు. పోనీ కింది లీగులో వెతికితే అక్కడా లేదు! డబ్బుల్లేక మూసేశారా? ఫిక్సింగ్‌లో దొరికి గెంటేశారా? అసలు ఈ లాంచ్‌ఖుతి ఎక్కడుంది?

సనత్‌నగర్_సత్తి
పేరు పలికేలోపే ఆఫ్‌సైడ్ ఇస్తరు. అందుకే తీసేసిన్రు కావచ్చు 😂

డల్లాస్_డిఫెండర్
దివాలా తీసి ఉంటుంది. చిన్న ఊరి క్లబ్బులన్నీ అంతే. ఒక ఊపు ఊపి పోతాయి.

పాతపేపర్ల_పంతులు
దివాలా కాదు, ఫిక్సింగూ కాదు. వాళ్ళంతట వాళ్ళే మానుకున్నారు.

1990 ఫిబ్రవరి 15న జార్జియా ఫుట్‌బాల్ ఫెడరేషన్ విడిగా పుట్టింది. సోవియట్ పోటీల్లో ఇక ఆడేది లేదన్నారు. అప్పటికే టాప్ లీగులో ఉన్న దినమో టిబిలిసి బయటికొచ్చింది, దాంతోపాటు అప్పుడే పైకి ఎక్కిన గురియా కూడా. లిథువేనియా జట్టు జాల్గిరిస్ సీజన్ మొదలయ్యాక వెళ్ళిపోయింది. అందుకే 1990 టాప్ లీగు 13 జట్లతో నడిచింది. గోపీ, నువ్వు ఆ పట్టికలో జట్లు లెక్కపెట్టి ఉంటే అప్పుడే అనుమానం వచ్చేది.

లాంచ్‌ఖుతి పశ్చిమ జార్జియాలో గురియా అనే ప్రాంతంలో ఉంది, నల్ల సముద్రానికి దగ్గర. టీ తోటలు, నారింజ జాతి తోటలు. ఊరి జనాభా ఇప్పుడు ఆరేడు వేలు. అప్పుడూ పదివేలు దాటలేదు.

గోల్‌పోస్ట్_గోపి
ఆగండాగండి. ఆరేడు వేల జనాభా ఉన్న ఊరు సోవియట్ యూనియన్ పై లీగుకా?? మా మండల కేంద్రం అంతకన్నా పెద్దది. అక్కడ వాలీబాల్ నెట్ కూడా లేదు.

పాతపేపర్ల_పంతులు
అంతకుముందు ఒకసారి నిజంగానే వెళ్ళి ఆడారు. 1987లో. పదహారు జట్లలో పదహారో స్థానం.

ఎర్రకార్డు_రాంబాబు
అదీ సంగతి. ఒక్క సీజను, ఆఖరి స్థానం. దీనికి ఇంత పెద్ద థ్రెడ్ ఎందుకో. జార్జియా క్లబ్ చరిత్ర కావాలంటే దినమో టిబిలిసి ఉంది. 1964, 1978 సోవియట్ ఛాంపియన్లు, 1981లో డ్యుసెల్‌డార్ఫ్‌లో కార్ల్ జైస్ యేనాని 2-1తో ఓడించి కప్ విన్నర్స్ కప్ (యూరప్ దేశాల కప్ విజేతల పోటీ) తెచ్చుకున్నారు. కాదూ, రాజధాని బయటి క్లబ్బే కావాలంటే టార్పెడో కుతైసి ఉంది. అరవైల్లో చాలా ఏళ్ళు, మళ్ళీ 1982 నుంచి 86 దాకా టాప్ లీగులో నిలబడింది. గురియాది పట్టికలో ఒక గీత.

ఆఫ్‌సైడ్_అనసూయ
రాంబాబు గారూ, ఆ "ఆఖరి స్థానం"కి ఒక్క మెట్టు పైన ఎవరున్నారో చూశారా? పదిహేనో స్థానం సీఎస్‌కేఏ మాస్కో. సోవియట్ సైన్యం క్లబ్బు. ఇద్దరూ కలిసే దిగిపోయారు. 1986లో కింది నుంచి కలిసి ఎక్కిందీ వీళ్ళిద్దరే. 1989లో మళ్ళీ ఎక్కిందీ వీళ్ళిద్దరే. ఎర్రసైన్యం వెనకున్న క్లబ్బు మూడుసార్లూ ఎక్కడ తేలిందో, టీ తోటల ఊరి క్లబ్బూ అక్కడే తేలింది. పట్టికలో గీత అంటే ఎలా?

సనత్‌నగర్_సత్తి
అనసూయక్క గోల్ కొట్టింది. రాంబాబన్న గోల్‌కీపర్ ఎటు దుంకిండో ఇంకా తెలుస్తలేదు.

ఎర్రకార్డు_రాంబాబు
సరే, ఎక్కారు. ఎలా ఎక్కారో కూడా మాట్లాడుకుందాం మరి. ఎడ్వర్డ్ షెవర్ద్‌నాడ్జే పుట్టింది ఎక్కడ? మమాతి అనే పల్లె. ఏ జిల్లా? లాంచ్‌ఖుతి. 1972 నుంచి 1985 దాకా జార్జియా కమ్యూనిస్టు పార్టీ మొదటి కార్యదర్శి. 1985లో గొర్బచేవ్ పిలిచి విదేశాంగ మంత్రిని చేశాడు. 1986లో గురియా పైకి వెళ్ళింది. ఈ తేదీలన్నీ చుట్టాల్లా పక్కపక్కనే కూర్చున్నాయి. ఊరి స్టేడియం పేరేమిటో తెలుసా? ఎవ్‌గ్రాపి షెవర్ద్‌నాడ్జే స్టేడియం. ఇంటిపేరు గమనించండి.

మిడ్‌ఫీల్డ్_మల్లి
ఓహో. ఇప్పుడు కథ రంజుగా ఉంది.

ఆఫ్‌సైడ్_అనసూయ
తేదీలు పక్కన కూర్చుంటే ఆధారం అయిపోతుందా? మీ లెక్కే తీసుకుందాం. జార్జియాని పదమూడేళ్ళు ఏలినప్పుడు గురియాని పైకి తేలేకపోయిన మనిషి, మాస్కోలో ఆయుధ ఒప్పందాల మీద కూర్చుని రిఫరీలకి ఫోన్లు చేశాడంటారా? సరే, చేశాడే అనుకుందాం. మరి 1987లో అంత పలుకుబడి ఉండి ఆఖర్న ఎందుకొచ్చారు? ఒక్కసారి మళ్ళీ ఫోన్ చేస్తే పోయేదిగా.

ఎర్రకార్డు_రాంబాబు
రిఫరీలని కొన్నారని నేను అనలేదు. ఊరి జనాభా కన్నా ఎక్కువమంది పట్టే స్టేడియం ఆ మూలన లేచిందంటే డబ్బు ఎవరో పంపారు కదా అంటున్నా. దానికి జవాబు చెప్పండి.

పాతపేపర్ల_పంతులు
ఇద్దరి మాటా సగం సగం.

సోవియట్ రోజుల్లో "ప్రొఫెషనల్" ఆటగాడు అనే మాటే కాగితం మీద లేదు. ప్రతి జట్టుకీ వెనక ఒక సంస్థ ఉండేది. దినమో అంటే పోలీసు, భద్రతా శాఖలు. లోకోమోటివ్ అంటే రైల్వే. టార్పెడో అంటే మోటారు కార్ఖానా, కుతైసిలో లారీల ఫ్యాక్టరీ ఉండేది, కొల్ఖిదా లారీలు అక్కడివే. ఆటగాడి పేరు ఫ్యాక్టరీ హాజరు పట్టీలో మెకానిక్ అనో ఫిట్టర్ అనో ఉంటుంది, మనిషి మాత్రం మైదానంలో ఉంటాడు. మనవాళ్ళకి ఇది కొత్తేం కాదు, 1950 నుంచి 54 దాకా వరసగా ఐదు రోవర్స్ కప్పులు కొట్టిన హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టు కూడా ఉద్యోగాల మీద నిలబడ్డ జట్టే.

గురియా వెనక అలాంటి పెద్ద కార్ఖానా లేదు. పేరు కూడా ఏ శాఖదీ కాదు, ప్రాంతం పేరే. మరి డబ్బు? సోవియట్ యూనియన్‌లో పండే టీలో సింహభాగం జార్జియాది, అందులో గురియా పెద్ద చెయ్యి. టీ ఉన్నచోట సమష్టి క్షేత్రాలకి, జిల్లా పార్టీ కమిటీకి చేతిలో నాలుగు డబ్బులుండేవి. క్లబ్బు మీద ఖర్చు పెట్టాలనుకునే స్థానిక నాయకుడు ఉంటే చాలు. పైన పెద్దమనిషి ఉంటే ఆ ఖర్చుని ఎవరూ అడగరు, అంతవరకూ రాంబాబు మాట నమ్మొచ్చు. గోల్స్ ఆయన కొట్టాడంటే నమ్మను.

సనత్‌నగర్_సత్తి
పంతులుగారూ మీరు జార్జియా నుంచి బయల్దేరి లాల్‌దర్వాజ కాడ తేలిన్రు, బస్ పాస్ ఉందా

డల్లాస్_డిఫెండర్
ఊరి సైజు మాటొస్తే హాఫెన్‌హైమ్ రికార్డు కదా? మూడు వేల చిల్లర జనాభా, 2008 నుంచి బుండెస్‌లిగా (జర్మనీ పై లీగు).

ఆఫ్‌సైడ్_అనసూయ
హాఫెన్‌హైమ్ ఇప్పుడు జిన్స్‌హైమ్ పట్టణంలో భాగం. స్టేడియమూ అక్కడే, డబ్బు ఒక సాఫ్ట్‌వేర్ కుబేరుడిది. సోవియట్ టాప్ లీగు అంటే మాస్కో, కీవ్, మిన్స్క్, యెరెవాన్, బాకూ, అల్మాతీ. గణతంత్రాల రాజధానులే ఎక్కువ. మధ్యలో ఈ ఊరు! 1987లో డైనమో కీవ్‌కి ఎవరు ఆడేవారో గుర్తుచేసుకోండి. ముందటేడు కప్ విన్నర్స్ కప్ గెలిచిన జట్టు. బ్లోఖిన్, జవరోవ్, అప్పుడే బాలన్ డోర్ (యూరప్ ఉత్తమ ఆటగాడి బహుమతి) అందుకున్న బెలానోవ్. వాళ్ళకి లీగు క్యాలెండర్‌లో లాంచ్‌ఖుతి ప్రయాణం ఉంది.

కుతైసి_కుర్రాడు
నేను కుతైసిలో ఎంబీబీఎస్ చదువుతున్నా. ఇక్కడ మన తెలుగోళ్ళు చాలామందే ఉన్నాం. బతూమి వెళ్ళే మార్షృత్కా (ఇక్కడి షేర్ వ్యాను) సంత్రెదియా దాటాక లాంచ్‌ఖుతి మీదుగానే పోతుంది. టిబిలిసి-బతూమి రైలు పట్టాలు కూడా ఆ ఊళ్ళోంచే. ఒకసారి దిగి చూశా. ఒక పెద్ద రోడ్డు, రొట్టెల కొట్టు, చెట్ల కింద నార్డీ (పాచికల ఆట) ఆడుకునే ముసలాళ్ళు. స్టేడియం అడిగితే ముగ్గురు ఒకేసారి లేచి మూడు దిక్కులు చూపించారు, తర్వాత వాళ్ళలో వాళ్ళు వాదించుకున్నారు. గురియా జనం అంతేనట, మాట జోరు. వీళ్ళ మీద జోకులన్నీ ఈ జోరు మీదే.

మా ఇంటి ఓనరు తాతది గురియానే. 1987 మ్యాచ్‌లకి వెళ్ళేవాడట. చుట్టుపక్కల పల్లెల జనం, ఒజుర్గెతి వాళ్ళు, పోతి వాళ్ళు అందరూ వచ్చేవాళ్ళు, ఊళ్ళోవాళ్ళకే సీటు దొరికేది కాదు అంటాడు. "కుతైసి వాళ్ళు వచ్చేవాళ్ళా తాతా" అంటే మొహం తిప్పుకున్నాడు.

పాతపేపర్ల_పంతులు
తిప్పుకోడా! 1986లో టార్పెడో కుతైసి టాప్ లీగు నుంచి దిగిపోయింది. అదే ఏడాది గురియా ఎక్కింది. అప్పట్లో జార్జియాలో రెండో పెద్ద నగరం దిగిన మెట్టు మీద పల్లెటూరు ఎక్కి నుంచుంటే కుతైసి వాళ్ళకి ఎలా ఉంటుంది.

కుతైసి_కుర్రాడు
ఓహ్ అదా సంగతి. మా కాలేజీ క్యాంటీన్‌లో గురియా పేరెత్తితే టీ కొంచెం చల్లగా వచ్చేది 😄

మిడ్‌ఫీల్డ్_మల్లి
కుర్రాడా, ఆ ఊళ్ళో అందరికీ బంతి పిచ్చి అంత ఎక్కడిది? టీ తోటల ప్రాంతాలు ఇంకా చాలా ఉన్నాయిగా.

కుతైసి_కుర్రాడు
బంతి అంటే గుర్తొచ్చింది. లాంచ్‌ఖుతి పక్కనే షుఖుతి అని ఊరుంది, పైషుఖుతి, కిందిషుఖుతి. ఈస్టర్ రోజున లేలో బుర్తి ఆడతారు. బంతి బరువు 16 కిలోలు! తోలు సంచిలో మట్టి కుక్కి, వైన్ పోసి, పాదిరీ దీవించి జనంలోకి వదులుతాడు. జట్టుకి ఇంతమంది అని లేదు, గీతలు లేవు, రిఫరీ లేడు. రెండు పక్కలా రెండు వాగులు, ఎవరు తమ వాగు దాటిస్తే వాళ్ళు గెలిచినట్టు. రోడ్డు మీంచి, దొడ్లలోంచి, కంచెలు విరుచుకుంటూ పోతారు. నేను గోడ ఎక్కి చూశా, గోడ కూడా కదిలింది. గెలిచినవాళ్ళు ఆ బంతిని తీసుకెళ్ళి తమ ఊళ్ళో చనిపోయిన మనిషి సమాధి మీద పెడతారు. దీన్ని జార్జియా తన సాంస్కృతిక వారసత్వ జాబితాలో పెట్టింది.

సనత్‌నగర్_సత్తి
16 కిలోల బంతి!! హెడ్డర్ కొట్టినోడి సమాధి మీదనే పెడ్తరా ఏంది

మిడ్‌ఫీల్డ్_మల్లి
సత్తి 😂😂 ఆఫీసులో ఉన్నాను, ఆపు.

ఎర్రకార్డు_రాంబాబు
వేడుకలు బాగున్నాయి, అసలు విషయానికి వద్దాం. 1990లో బయటికి రావడం గొప్ప అంటున్నట్టున్నారు. నాకైతే అది ఆటగాళ్ళకి అన్యాయం. ఏడాదంతా కష్టపడి ప్రమోషన్ తెచ్చుకుంటే, టిబిలిసిలో పెద్దలు సమావేశం పెట్టి "వద్దు" అన్నారు. వాళ్ళతో పైకెక్కిన సీఎస్‌కేఏ ఏం చేసిందో చూడండి. 1990లో రెండో స్థానం, 1991లో లీగూ కప్పూ రెండూ. సోవియట్ చివరి ఛాంపియన్. గురియాకి ఏం మిగిలింది?

పాతపేపర్ల_పంతులు
1989లో ఇంకో తేదీ ఉంది రాంబాబూ. ఏప్రిల్ 9. టిబిలిసి రుస్తవేలి వీధిలో స్వాతంత్ర్యం కోసం కూర్చున్న జనం మీదికి సోవియట్ సైన్యాన్ని పంపారు. ఇరవై మందికి పైగా చనిపోయారు, ఎక్కువమంది ఆడవాళ్ళు. గురియా పైకెక్కిన సీజను నడుస్తున్నది ఆ ఏడే. పక్కన పోటీ పడుతున్నది ఎవరి క్లబ్బు? ఆ సైన్యానిదే. ఆ తర్వాత మాస్కో వెళ్ళి లీగు మ్యాచ్ ఆడిరండి అంటే ఊళ్ళో ఎవడు చప్పట్లు కొడతాడు?

ఇంకోటి. రష్యా పాలకుల మాట వినకపోవడం ఆ ప్రాంతానికి కొత్తేం కాదు. 1902 నుంచి 1906 దాకా గురియా రైతులు జార్ చక్రవర్తి కోర్టులకి వెళ్ళడం మానేసి తమ తీర్పులు తామే చెప్పుకున్నారు. గురియా గణతంత్రం అనే పేరే పడింది. 1918-21 నాటి స్వతంత్ర జార్జియా ప్రభుత్వాధినేత నోయ్ జోర్దానియా పుట్టింది లాంచ్‌ఖుతిలోనే.

ఎర్రకార్డు_రాంబాబు
జోర్దానియా రైట్ బ్యాక్‌లో ఆడలేదు కదా. ఆటగాళ్ళని అడిగారా లేదా అన్నది నా ప్రశ్న.

ఆఫ్‌సైడ్_అనసూయ
ఈ ఒక్క విషయంలో రాంబాబు గారి వైపు. జెండాలు ఎగరేసేవాళ్ళకి త్యాగం తేలిక. పాతికేళ్ళ ఆటగాడికి 1990లో పోయిన సీజను మళ్ళీ రాదు. దినమో వాళ్ళకి పేరుంది, బయటి దేశాల క్లబ్బులు పిలుస్తాయి. లాంచ్‌ఖుతి ఆటగాడిని ఎవరు పిలుస్తారు?

సనత్‌నగర్_సత్తి
అక్కా అన్న ఒక్కటైన్రు. స్క్రీన్‌షాట్ తీసి పెట్టుకున్న.

గోల్‌పోస్ట్_గోపి
ఏం మిగిలిందో నేను చెబుతా, ఇందాకట్నుంచి అదే చూస్తున్నా. జార్జియా సొంత లీగు 1990లో మొదలైంది. దినమో టిబిలిసి ఇబేరియా అని పేరు మార్చుకుని ఆడింది. మొదటి మ్యాచ్‌లోనే పోతి నుంచి వచ్చిన కోల్ఖేతి చేతిలో 1-0తో ఓడింది 😄 చివరికి ఛాంపియన్ మాత్రం వాళ్ళే. రెండో స్థానం గురియా. ఆ ఏడాదే జార్జియా కప్ మొట్టమొదటిసారి జరిగితే గెలిచింది గురియా! ఫైనల్లో సుఖుమి నుంచి వచ్చిన త్స్‌ఖుమి మీద 1-0. అంటే జార్జియా విడిగా పెట్టుకున్న తొలి కప్ మీద ఉన్న పేరు లాంచ్‌ఖుతిదే.

ఎర్రకార్డు_రాంబాబు
ఆ కప్ గెలిస్తే యూరప్‌లో ఆడనిచ్చారా? జార్జియా ఫీఫా, యుయెఫాల్లో చేరింది 1992లో. కప్ విన్నర్స్ కప్‌కి టికెట్టే లేని కప్ అది.

పాతపేపర్ల_పంతులు
నిజమే. యూరప్ టికెట్టు 1993లో వచ్చింది, అదీ దినమోకి. వాళ్ళు లిన్‌ఫీల్డ్‌ని ఓడించి, రిఫరీకి లంచం ఇవ్వబోయిన కేసులో ఛాంపియన్స్ లీగు నుంచి బయటికి పోయారు. టికెట్టు ఉండి చేసింది అది!

గోపీ, ఆ ఫైనల్లో అవతలి జట్టు మీద కూడా ఒక కన్నేయి. సుఖుమి అబ్ఖాజియాలో, అంటే జార్జియా నుంచి విడిపోవాలనుకున్న ప్రాంతంలో ఉంది. అక్కడ దినమో సుఖుమి అని ఒకటే క్లబ్బు ఉండేది. 1990లో అది రెండుగా చీలింది. జార్జియన్ ఆటగాళ్ళు బయటికొచ్చి త్స్‌ఖుమి పేరుతో జార్జియా లీగులో చేరారు. మిగిలినవాళ్ళు దినమో సుఖుమిగానే సోవియట్ లీగులో కొనసాగారు. ఒకే ఊరు, రెండు జట్లు, రెండు దేశాల లీగులు. రెండేళ్ళకి అక్కడ యుద్ధం. 1993 సెప్టెంబరు 27న సుఖుమి అబ్ఖాజ్ బలగాల చేతికి పోయింది, అక్కడి జార్జియన్లు లక్షల్లో ఊళ్ళొదిలి వచ్చారు. ఫుట్‌బాల్ మైదానం ముందే చెప్పింది, వినేవాళ్ళు లేరు.

మిడ్‌ఫీల్డ్_మల్లి
ఇది తెలీదు నాకు. ఒక క్లబ్బు సగానికి చీలి రెండు దేశాల్లో ఆడటం... దీని మీద వేరే థ్రెడ్ పెట్టండి పంతులుగారూ.

డల్లాస్_డిఫెండర్
తర్వాత గురియా ఏమైంది? నేను మొదట్లో దివాలా అన్నందుకు మీరంతా నవ్వారు.

పాతపేపర్ల_పంతులు
తొంభైల్లో జార్జియాలో కరెంటే లేదు, క్లబ్బు సంగతి ఏం చెప్పను. అంతర్యుద్ధం, అబ్ఖాజియా యుద్ధం, రూబుల్ పతనం. సోవియట్ మార్కెట్ పోయాక టీ తోటలు అడవులైపోయాయి. క్లబ్బుకి తిండి పెట్టిన చెయ్యే పోయింది. దినమో మాత్రం 1990 నుంచి 1999 దాకా పదిసార్లు వరసగా లీగు కొట్టింది. దాన్ని ఆపింది 2000లో మన కుర్రాడి ఊరు టార్పెడో కుతైసి. వరసగా మూడేళ్ళు గెలిచింది.

కుతైసి_కుర్రాడు
ఇది క్యాంటీన్‌లో చెబితే టీ వేడిగా వస్తుంది 🔥

ఆఫ్‌సైడ్_అనసూయ
2000 తర్వాత చూస్తే బయటి ఊళ్ళ హవా బాగానే ఉంది. బోల్నిసి సియోని 2006, జెస్తఫోని 2011, 2012, గోరి దీలా 2015, సంత్రెదియా 2016, బతూమి 2021, 2023. సంత్రెదియా అంటే ఏసీ మిలాన్‌కి ఆడిన డిఫెండర్ కాఖా కలాడ్జే ఊరు. గురియా ఒక్కసారి కూడా లీగు గెలవలేదు, అది బాధ.

గోల్‌పోస్ట్_గోపి
2013 నుంచి మళ్ళీ పై లీగులో కనిపిస్తుంది చూడండి. 2016లో పోయింది.

పాతపేపర్ల_పంతులు
2017 నుంచి పై లీగుని పది జట్లకి కుదించారు. ఒకేసారి చాలా జట్లు పోయాయి, అందులో గురియా ఒకటి. అప్పట్నుంచి కిందే.

ఎర్రకార్డు_రాంబాబు
సరే ఇంత విన్నాక అడుగుతున్నా. 1987లో దిగిపోకుండా 1990లో కూడా మానుకోకుండా ఉంటే, సీఎస్‌కేఏలా అయ్యేదా?

ఆఫ్‌సైడ్_అనసూయ
అయ్యేది కాదు. సీఎస్‌కేఏకి సైన్యంలో చేరాల్సిన వయసున్న ప్రతి మంచి ఆటగాడూ అందుబాటులో ఉండేవాడు. పిలిస్తే రాక తప్పదు. గురియాకి ఎవరిని పిలిచే అధికారం ఉంది? మహా అయితే ఇంకో సీజను ఆడి ఇంకోసారి దిగేది. అయినా ఆడాల్సింది అంటాను, ఆ ఆటగాళ్ళ కోసం.

పాతపేపర్ల_పంతులు
నేను ఒప్పుకోను. 1991 డిసెంబరుకి దేశమే లేదు. ఆడి ఉంటే రెండు సీజన్లు. మానుకున్నందుకు తొలి కప్.

ఎర్రకార్డు_రాంబాబు
రెండు సీజన్లు తక్కువా పంతులుగారూ? మీరు ఎప్పుడైనా రిటైరైన ఆటగాడితో మాట్లాడారా? మాది జిల్లా స్థాయి జట్టే. మాకు ఒక టోర్నమెంటు రద్దయితే ఇప్పటికీ దాని గురించే మాట్లాడుకుంటాం.

సనత్‌నగర్_సత్తి
గదే గద అన్న గీ మూడు పేజీల నుంచి ఏడుస్తుండు 😂 ముందుగాల చెప్తే సంతాపం తెలిపేటోళ్ళం

గోల్‌పోస్ట్_గోపి
కుర్రాడూ, ఈసారి ఆ ఊళ్ళో దిగితే గురియా స్కార్ఫ్ ఒకటి దొరుకుతుందేమో చూడు. డబ్బు పంపిస్తా.

కుతైసి_కుర్రాడు
క్లబ్బు షాపు లాంటిది నాకైతే కనిపించలేదన్నా. ఓనరు తాతని అడుగుతా, పాత జెండా ఏదైనా అటకమీద ఉండొచ్చు. ఇవ్వడు మాత్రం.

మిడ్‌ఫీల్డ్_మల్లి
ఆ కోల్ఖేతి పోతి ఎవరు అసలు? ఇబేరియాని మొదటి మ్యాచ్‌లోనే కొట్టింది అన్నారు, దాని మీద ఎవరూ ఏమీ రాయలేదు.

పాతపేపర్ల_పంతులు
రేవు పట్టణం. క్లబ్బు పేరులోనే 1913 ఉంటుంది. జార్జియాలోకి ఫుట్‌బాల్ దిగింది ఇంగ్లిష్ నావికులతో, ఆ రేవులోనే. రాత్రికి వేరే థ్రెడ్ తెరుస్తా. రాంబాబూ, నీ రద్దయిన టోర్నమెంటు అక్కడికి తేకు.